బూటులో పది రూపాయల నోటు

గుల్‌మార్గ్‌లో మొదటి రోజు రెండు గంటల పాటు నేను జారనే లేదు. ఒక కాలికి స్కీ, అంటే మంచు మీద జారే పొడుగాటి పలక, రెండో కాలికి ఉత్త బూటు. ఆ అవతారంలో చదునుగా ఉన్న మంచు మీద గుండ్రంగా తిరిగాను, కుంటి కొంగలాగా. ఆరేళ్లుంటాయేమో, ఒక కశ్మీరీ పిల్లవాడు చేతులు జేబుల్లో పెట్టుకుని నా ముందు నుంచే సర్రున జారిపోయాడు. నాకు ఉక్రోషం వచ్చింది. "ఉస్తాద్, ఇంత డబ్బు కట్టింది నడవడానికా?" అని నాకు స్కీయింగ్ నేర్పే ఆయనను అడిగాను.

ఆయన నవ్వలేదు. "మీ కాలికి కొత్తగా ఒకటిన్నర మీటర్ల వేలు మొలిచింది మేడమ్. ముందు దానితో పరిచయం కానివ్వండి" అన్నారు. తరువాత స్కీని రెండో కాలికి మార్చి, మళ్లీ గుండ్రంగా తిరగమన్నారు. ఈసారి ఎదురు దిక్కులో.

నాకు నలభై ఆరేళ్లు. పుట్టి పెరిగింది రాజమహేంద్రవరం, ఉద్యోగం హైదరాబాద్‌లో, డిగ్రీ కళాశాలలో పిల్లలకు అకౌంట్స్ చెబుతాను. మన భాషలో గడ్డి మీది తడికీ, గోదావరి మీది పొగకూ, హిమాలయం మీద పడేదానికీ ఒకటే మాట, మంచు. నాకు తెలిసినవి మొదటి రెండే. మూడోదాన్ని చూడాలన్న కోరిక నాది కాదు, మా అమ్మాయిది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ఏడాది పాటు స్నోబోర్డు వీడియోలు చూసి చూసి, ఇక తాను నేర్చుకోవలసిందేనని పట్టుబట్టింది. తోడు వెళ్లినదాన్ని ఒడ్డున కూర్చోవడం ఎందుకని నేను స్కీలు ఎంచుకున్నాను. మా ఆయన మాత్రం మంచు కిటికీలోంచి చూస్తేనే అందమని తేల్చి, ఆరు రోజులూ హీటరు పక్కనే గడిపారు. ఆయన నిర్ణయంలో తప్పేమీ లేదని మూడో రోజు సాయంత్రం నాకు గట్టిగా అనిపించింది.

మేము వెళ్లింది 2024 ఫిబ్రవరిలో. ఆ ఏడు జనవరి దాదాపు అంతా గుల్‌మార్గ్ ఎండిపోయి ఉంది. డిసెంబరు 21న మొదలై నలభై రోజులుండే 'చిల్లయ్ కలాన్' అక్కడ చలికాలంలో అన్నిటికంటే కఠినమైన భాగం. అప్పుడే మంచు లేకపోతే ఇక ఎప్పుడు? బీడుపడిన పచ్చిక ఫోటోలు పత్రికల్లో చూసి టికెట్లు రద్దు చేద్దామనుకున్నాం. జనవరి చివర్లో గాని ఆకాశం కరుణించలేదు. శ్రీనగర్ నుంచి టంగ్‌మార్గ్ దాకా మామూలు కారు, అక్కడి నుంచి చక్రాలకు గొలుసులు కట్టిన బండి, 13 కిలోమీటర్ల మలుపుల ఎక్కుడు. పైకి చేరేసరికి 2,650 మీటర్లు. సామాను దింపుకోవడానికే ఆయాసం వచ్చింది.

బండి దిగగానే పదిమంది చుట్టుముట్టారు. సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటోవాళ్లు నయం, కనీసం ఎక్కడికని అడుగుతారు. "గంటలో నేర్పిస్తాను, అఫర్వత్ కొండ పైనుంచి దింపిస్తాను" అన్నాడొకడు. అకౌంట్స్ చెప్పేదాన్ని కదా, గంటలో లాభం చూపిస్తానన్నవాణ్ని నమ్మే అలవాటు లేదు. అక్కడ కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. పద్ధతిగా కోర్సులు నడుపుతుంది. మా సెలవులకు ఆ తేదీలు కుదరలేదు. మేము దిగిన చోటి మేనేజరు ఒకాయనను పిలిపించారు. యాభై దాటిన మనిషి, ఎండకు కమిలి నల్లబడ్డ ముఖం, కళ్లద్దాలు పెట్టుకునే మేర మాత్రం తెల్లటి పట్టీ. పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు అడగకుండానే చూపించారు. తరువాత ఆయనే ప్రశ్నలు వేశారు. మోకాళ్లకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? రోజూ ఎంత నడుస్తారు? కళ్లజోడు లేకుండా ఎంత దూరం కనబడుతుంది? నేర్పేవారిని ఎలా ఎంచుకోవాలని ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. తన గొప్పలు చెప్పేవారి కంటే మీ మోకాళ్ల గురించి అడిగేవారు మేలు.

హైదరాబాద్ హిందీలో నోరు తిరిగినదాన్ని కాబట్టి ఆయనను "ఉస్తాద్" అన్నాను. మా ఊళ్లో లారీ మెకానిక్‌నూ, పహిల్వాన్‌నూ అలాగే పిలుస్తారని చెబితే మొదటిసారి నవ్వారు. "రెండూ సరిపోతాయి" అన్నారు.

మొదటి పరీక్ష మంచు మీద కాదు, సామాను అద్దెకిచ్చే దుకాణంలో. ఆ దుకాణదారు నా చెప్పుల నంబరు అడిగి ఒక జత బూట్లు ముందు పడేశాడు. కాళ్లకు వదులుగా, హాయిగా ఉన్నాయి. నేను సంతోషించాను. ఉస్తాద్ వచ్చి చూసి, విప్పమన్నారు. స్కీ బూటు కొలత సెంటీమీటర్లలో ఉంటుంది. పాదాన్ని గోడకు ఆనించి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిస్తే వచ్చే అంకెనే నంబరు. నాది ఇరవై నాలుగున్నర. దుకాణదారు ఇచ్చింది ఇరవై ఆరు. చిన్నది మరొకటి తెప్పించి, లోపలి రెండు జతల ఉన్ని మేజోళ్లూ తీయించి, ఒకే ఒక సన్నటి జత వేయించారు. మడమను నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి కూర్చోబెట్టాక బకిల్స్ బిగించారు. ఆ బూటులో నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగులుతాయి. మోకాళ్లు వంచితే వెనక్కి జరిగి ఊపిరి పీల్చుకుంటాయి. "నిలబడితే ఇరుకు, వంగితే సుఖం. ఈ బూటును తయారు చేసినవాడు మీకు మొదటి పాఠం చెప్పేశాడు" అన్నారు. వదులు బూటుతో మనం కాలు తిప్పితే లోపల పాదం తిరుగుతుంది గాని, బయట స్కీ తిరగదట. కొత్తవాళ్లలో సగం మంది తమకు చేతకాదని ఏడుస్తారు, నిజానికి అది బూటు తప్పు అని ఆయన లెక్క.

తరువాత బరువెంత అని అడిగారు. ఎదురుగా దుకాణంలో నలుగురున్నారు. అయిదు కిలోలు తగ్గించి చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు తీసి, స్కీకి బూటును పట్టి ఉంచే బిగింపు మీద ఒక అంకెను సరిచేయడం మొదలుపెట్టారు. అది దేనికని అడిగాను. పడినప్పుడు ఎంత బలానికి బూటు ఊడి రావాలో ఆ అంకె చెబుతుందట. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మనిషి నేర్పు, అన్నీ చూసి పెడతారు. అంకె తక్కువైతే స్కీ అకారణంగా ఊడిపోతుంది. ఎక్కువైతే పడినా ఊడదు, అప్పుడు మెలిపడేది మోకాలు. నేను గొంతు తగ్గించి అసలు బరువు చెప్పాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. స్క్రూడ్రైవరును మాత్రం కొద్దిగా తిప్పి అంకె పెంచారు. "ఆడవాళ్లు తగ్గించి చెబుతారు, మగవాళ్లు తాము బాగా స్కీ చేస్తామని చెబుతారు. మగవాళ్ల అబద్ధమే ప్రమాదం" అన్నారు.

ఇక నడక, ఆ పైన పడటం. పడటాన్ని పాఠంగా చెప్పేవారిని నేను అంతకు ముందు చూడలేదు. పక్కకు పడాలి, అది కూడా కొండ వైపుకు. పడుతూ పడుతూ మళ్లీ లేవాలని పెనుగులాడకూడదు. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు తెగేది ఎక్కువగా అప్పుడేనట. పడటం ఖాయమైపోయాక మర్యాదగా పడిపోవాలి. ఆగాక స్కీలను రెండింటినీ దిగువ వైపుకు, వాలుకు అడ్డంగా పెట్టుకుని, మోకాళ్ల దగ్గరకు ఒదిగి, చేతిని కొండ వైపు మోపి లేవాలి. వినడానికి ఎంత తేలిక! స్కీలు అడ్డంగా కాక ఒక్క వేలెడు కిందికి తిరిగి ఉన్నా, లేచిన మనిషి లేచినట్టే జారిపోతుంది. ఆ మధ్యాహ్నం నేను లేచింది పదిహేడు సార్లు. లెక్కపెట్టాను. పదిహేడోసారి ఒక్కదాన్నే లేచాను.

రెండో రోజు ఆగడం నేర్పారు. జారడం ఎవరూ నేర్పనక్కరలేదు, భూమి నేర్పుతుంది. ఆగడమే విద్య. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా, పెంకుటింటి వాసాల్లాగా పెట్టి, మడమలను బయటికి నెట్టాలి. లోపలి అంచులు మంచును గీరుతూ వేగాన్ని తింటాయి. దీన్ని స్నోప్లౌ అంటారు, అంటే మంచు నాగలి. మా తాతకు నాలుగెకరాల చెక్క ఉండేది. నాగలి మీద బరువు వేస్తే కర్రు దిగుతుందని చిన్నప్పుడు చూసిందే గనుక ఆ మాట నాకు వెంటనే పట్టుబడింది. ఒంటికే పట్టుబడలేదు.

ఈ నాగలిని ఎవరు కనిపెట్టారని అడిగితే, "మా ఉస్తాద్ నాకు నేర్పారు" అన్నారు. ఆ రాత్రి ఫోనులో చదివాను. ఆస్ట్రియాలో ఆర్ల్‌బర్గ్ అనే కొండ ప్రాంతపు శిక్షకుడు హానెస్ ష్నైడర్ గత శతాబ్దం మొదట్లో ఈ వరుసను స్థిరపరిచాడు: ముందు నాగలి, తరువాత ఒక కాలు నాగలిగా ఉంచి మలుపు, చివరికి రెండు స్కీలూ సమాంతరం. నాజీలు ఆస్ట్రియాను కలుపుకున్నాక ఆయనను జైల్లో పెట్టారు. 1939లో అమెరికాకు వెళ్లి అక్కడా ఇదే నేర్పాడు. గుల్‌మార్గ్‌లో బ్రిటిష్ అధికారులు స్కీ క్లబ్బు పెట్టింది 1927లో. ఎక్కడో ఆల్ప్స్ లో పుట్టిన వరుస అలా టంగ్‌మార్గ్ పక్క పల్లెలో పుట్టిన మనిషి నోటికి చేరింది. పొద్దున చెబితే ఉస్తాద్ శ్రద్ధగా విని, "మంచివాడే. కానీ మీరు ఇంకా వెనక్కి వాలుతున్నారు" అన్నారు.

ఇదీ నా అసలు కథ. ఆరు రోజుల్లో ఆయన నాకు ఇచ్చిన సలహాలు వెతికితే ఇరవై ఉంటాయి గాని, వాటిలో పందొమ్మిది ఈ ఒక్కదాని పిల్లలే: వెనక్కి వాలకండి. కింద లోయ కనబడుతుంటే ఒళ్లు తనంతట తానే వెనక్కి పోతుంది, మెట్ల మీద జారబోయినప్పటిలాగా. నేల మీద అది మనల్ని కాపాడుతుంది. మంచు మీద అదే ముంచుతుంది. వెనక్కి వాలితే బరువంతా మడమల మీదికి పోయి స్కీల ముందు భాగం తేలిపోతుంది. ముందు అంచులు మంచును పట్టవు. నాగలి విడిపోతుంది, వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే భయం, భయంతో ఇంకా వెనక్కి. చక్రవడ్డీ లాగా. బయటపడాలంటే భయం వేసే వైపుకే ఒంగాలి. మోకాలి కింద ఎముకతో బూటు ముందు నాలుకను నొక్కుతూనే ఉండాలి.

"నొక్కుతున్నాను" అన్నాను నేను.

"లేదు" అన్నారాయన.

"నిజంగా నొక్కుతున్నాను ఉస్తాద్."

అప్పుడాయన నా పర్సు అడిగారు. రెండు పది రూపాయల నోట్లు తీసి, నిలువుగా మడిచి, ఒక్కో బూటులో నా మేజోడుకూ బూటు నాలుకకూ మధ్య పెట్టారు, సగం బయటికి కనబడేలా. "కిందికి చేరేదాకా ఇవి ఇక్కడే ఉంటే మీవి. రాలితే నావి" అన్నారు.

ముప్పై మీటర్ల వాలు. చంటిపిల్లలు దొర్లి ఆడుకునే చోటు. కిందికి చేరి చూసుకుంటే రెండు బూట్లూ ఖాళీ. ఆయన నింపాదిగా వెనక్కి ఎక్కి, మంచులోంచి నోట్లు ఏరుకుని జేబులో వేసుకున్నారు. "నొక్కారు, నిజమే. మొదటి రెండు మీటర్లు" అన్నారు.

నాకు ఒక్కసారిగా మా విద్యార్థులు గుర్తొచ్చారు. "అర్థమైందా?" అంటే "అయింది మేడమ్" అంటారు, పరీక్షలో డెబిట్ వైపు రాయాల్సింది క్రెడిట్ వైపు రాస్తారు. అబద్ధం చెప్పరు పాపం. అయిందనే అనుకుంటారు. నేను కూడా వాలు మొత్తం ముందుకు ఒంగే ఉన్నాననుకున్నాను. ఒట్టు వేయమంటే వేసేదాన్ని. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతూ నేను కనిపెట్టలేకపోయిన పరికరాన్ని ఈయన నా పర్సులోంచే తీశారు.

మూడో రోజు మలుపులు. కుడికి తిరగాలంటే ఎడమ స్కీ మీద బరువు వేయాలి, ఎడమకు తిరగాలంటే కుడి స్కీ మీద. "ఎడమ పాదం కింద అక్రోటు కాయ ఉంది. పగలగొట్టండి. ఇప్పుడు కుడి పాదం కింద ఉంది, పగలగొట్టండి." చేతులు మాత్రం కహ్వా టీ కప్పులున్న పళ్లెం పట్టుకున్నట్టు ముందుకే ఉండాలి. ఏ చేయి వెనక్కి పోతే ఆ వైపు భుజం పోతుంది, భుజం వెంట నడుము. చూపు స్కీల మీద కాదు, వెళ్లాల్సిన చోట. నాకు కుడివైపు మలుపు వెంటనే వచ్చింది. ఎడమవైపు మలుపు చచ్చినా రాలేదు. నేరుగా దేవదారు చెట్ల వైపు పోయి కూలబడేదాన్ని. కారణం మళ్లీ నోటే చెప్పింది. ఎడమ బూటులో నోటు ఉంటోంది, కుడి బూటులోది రాలుతోంది. అంటే కుడి కాలితో నొక్కడం లేదన్నమాట. పదిహేనేళ్ల క్రితం స్కూటరు మీద నుంచి పడి ఆ మోకాలు చెక్కుకుపోయింది. ఎప్పుడో మానిపోయింది, నేనూ మరిచాను. కాలు మరవలేదు. ఉస్తాద్ మిగతా పూట అంతా కుడి కాలు ఒక్కదానితోనే కసరత్తు చేయించారు. ఎడమ స్కీ మడమను అంగుళం పైకెత్తి, కుడి స్కీ మీదే వాలుకు అడ్డంగా పోవాలి. నాలుగు బారలు, అయిదు బారలు. ఆ సాయంత్రానికి ఆయన సంపాదన డెబ్బై రూపాయలు.

మా అమ్మాయి సంగతి చెప్పలేదు. ఆమెకు స్నోబోర్డు నేర్పింది పాతికేళ్ల కుర్రవాడు, మా ఉస్తాద్ మేనల్లుడే. మొదటి పాఠానికి ముందు, ఆమె అటు తిరిగి నిలబడి ఉండగా వెనుక నుంచి బోర్డు కొసతో మెల్లగా నెట్టాడు. తూలి కుడి కాలు ముందుకు వేసింది. "కుడి కాలే ముందు" అని తేల్చేశాడు. అలాంటివాళ్లను గూఫీ అంటారట. అడిగి తెలుసుకుంటే ప్రతివారూ ఆలోచించి తప్పు చెబుతారు, నెడితే ఒళ్లు నిజం చెబుతుంది. మామా అల్లుళ్లిద్దరిదీ ఒకటే బడి.

స్నోబోర్డులో రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టేసి ఉంటాయి గనుక మొదటి రెండు రోజులూ నరకం. లోయ వైపు తిరిగి, వేళ్లు పైకెత్తి, మడమ అంచు మీద నిలబడటం, కూలబడటం. ఎక్కువగా కూలబడటమే. దిగువ వైపు అంచు ఒక్క క్షణం మంచులో గుచ్చుకుంటే మనిషిని విసిరి నేలకేసి కొడుతుంది. అందుకే అతను ముందుగా మణికట్టు పట్టీలు వేయించాడు. పడేటప్పుడు అరచేయి తెరిచి ఆనవద్దని, పిడికిలి బిగించి ముంజేతుల మీద పడమని వందసార్లు చెప్పాడు. తరువాత ఇచ్చిన కసరత్తు పేరు రాలే ఆకు. మడమ అంచు మీదే ఉండి, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊగుతూ, ఆకు రాలినట్టు కిందికి దిగడం. పేరు అందంగా ఉంది. మా అమ్మాయి మాత్రం తాటికాయ రాలినట్టే రాలింది. రెండో రాత్రి దిండు వేసుకుని గాని కుర్చీలో కూర్చోలేకపోయింది. మూడో రోజు మధ్యాహ్నం ఎవరో మీట నొక్కినట్టు అంతా కుదిరిపోయింది. నేను ఇంకా అక్రోట్లు పగలగొడుతుంటే "అమ్మా, తప్పుకో!" అని అరుస్తూ పక్కనుంచి పోయింది. పైనుంచి వచ్చేవారిదే బాధ్యత, ముందున్నవారికే దారి హక్కు అని ఇద్దరికీ మొదటి రోజే చెప్పారు. ఆ మాట సాయంత్రం ఆమెకు గుర్తు చేశాను. గట్టిగానే.

నాలుగో రోజు లాగే లిఫ్టు. నడిచే తాడుకు వేలాడే కడ్డీ, దాని చివర పళ్లెం. ఆ పళ్లెం కాళ్ల మధ్య పెట్టుకుంటే కొండ మీదికి లాక్కుపోతుంది. "కూర్చోవద్దు, కుర్చీ కాదది" అని ఉస్తాద్ ముందే చెప్పారు. పళ్లెం కనబడితే కూర్చోవాలనిపించడం మనిషి నైజం. కూర్చున్నాను. అది సాగి, నన్ను నేలకు దింపి, తన దారిన తాను పోయింది. నా వెనుక వస్తున్న ఢిల్లీ దంపతులు కూడా నా మీదుగా పడ్డారు. మూడుసార్లు అలా జరిగాక లిఫ్టు నడిపే కుర్రవాడు నాకు ఉప్పు టీ పోసి ఇచ్చాడు. నూన్ చాయ్, లేత గులాబీ రంగు. పంచదార లేని టీకి నేను సంతాపం తెలపాలా, తాగాలా అని ఆలోచించి తాగేశాను. రెండో కప్పు నేనే అడిగాను.

ఆ రోజే బొటనవేలు బెణికింది. తప్పు పూర్తిగా నాదే. పడేటప్పుడు చేతికర్రలు వదిలేయమని ఆయన రోజూ చెబుతూనే ఉన్నారు. అరచేతిలో కర్ర ఉండగా చేయి మంచుకు తగిలితే, కర్ర బొటనవేలిని బయటికి విరుస్తుంది. స్కీయింగులో ఎంత మామూలు దెబ్బంటే, వైద్యులు దానికి స్కీయర్ బొటనవేలు అనే పేరు పెట్టారు. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు నేను కర్రను పట్టుకున్నాను. ఉస్తాద్ వేలిని అటూ ఇటూ కదిపి చూసి, లిగమెంటు తెగలేదని చెప్పి, పట్టీ చుట్టి, మిగతా రోజులు కర్రలు లేకుండానే నేర్పారు. ఆశ్చర్యం ఏమిటంటే కర్రలు లేకుండానే నా చేతులు ముందుకు ఉండటం మొదలైంది. ఇంకొకటి కూడా ఆయన చెప్పినా నేను పట్టించుకోనిది: ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకోమని. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది, అంటే ఎండ కింద నుంచి కూడా వస్తుంది. నా ముక్కు రంధ్రాల అంచులు కాలి పొక్కాయి. హైదరాబాద్ ఎండలో ఇరవై ఏళ్లు తిరిగినదాన్ని, చలిలో కాలిపోయాను.

అయిదో రోజు మబ్బు దిగింది. వాలు ఎక్కడ మొదలో, ఆకాశం ఎక్కడ మొదలో తెలియని తెలుపు. గుట్టా గుంటా ఏదీ కనబడదు, నీడ ఉంటే కదా. అప్పటికి కొంచెం పొడుగాటి వాలుకు ఎక్కాం. సగం దిగాక నేను ఆగిపోయాను. అలసట కాదు. కాళ్లు కదలలేదు, అంతే. "నేను ఇక్కడే ఉంటాను, మీరు వెళ్లండి" అన్నాను, అక్కడేదో నా ఇల్లున్నట్టు. ఉస్తాద్ ధైర్యం చెప్పలేదు. భయపడవద్దని కూడా అనలేదు. నా ముందుకు వచ్చి, నా వైపు తిరిగి, లోయకు వీపు పెట్టి నిలబడ్డారు. తన కర్రల రెండు కొసలు నా చేతికిచ్చి, "లోయ కనబడదిప్పుడు, నేనే కనబడతాను" అన్నారు. స్కీలు అడ్డంగా పెట్టించి, అంచులను కొద్ది కొద్దిగా వదలమన్నారు. వదిలితే పక్కవాటుగా అడుగు జారుతుంది, మోకాళ్లను కొండ వైపు ఒరిగిస్తే ఆగుతుంది. వదులు, ఆపు. వదులు, ఆపు. సైడ్ స్లిప్ అంటారు దాన్ని. అలా ఆయన వెనక్కి జారుతూ, నేను పక్కకు జారుతూ, ఆ తెలుపులోంచి బయటికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన తన కథ చెప్పారు. చిన్నప్పుడు ఊళ్లో చెక్క పలకలకు తాళ్లు కట్టుకుని జారేవారట. శీతాకాలం నాలుగు నెలలు ఈ పని, మిగతా కాలం ఆపిల్ తోట. జనవరిలో మంచు పడనప్పుడు అయిదు వారాలు ఒక్క శిష్యుడూ లేడు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్కడు, ఆరిఫ్ ఖాన్, ఈ చుట్టుపక్కలవాడేనని చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది. ఇవన్నీ నన్ను మాటల్లో పెట్టడానికి చెప్పారని కిందికి చేరాక గాని తెలియలేదు.

అదే సాయంత్రం మా అమ్మాయి, గండోలా, అంటే తీగ మీద పోయే బండి, ఎక్కి అఫర్వత్ మీదికి వెళ్లి హద్దు గీతలు దాటి మెత్తటి మంచులో దిగుతారట కదా, మేమెప్పుడు వెళ్తాం అని అడిగింది. ఆయన ఒక్క ముక్కలో లేదన్నారు. అక్కడికి వెళ్లాలంటే స్కీ కాదు, మంచును చదవడం రావాలి, తోడు వెళ్లేవాడికి మనిషిని తవ్వి తీయడం రావాలి అన్నారు. ఆమె మూతి ముడుచుకుంది. మేము ఇంటికి వచ్చాక, ఫిబ్రవరి 22న, ఆ కొండ మీదే హిమపాతంలో రష్యా నుంచి వచ్చిన స్కీయర్ ఒకరు చనిపోయారు. ఆ వార్తను ఆమె నాకు పంపింది, ఏమీ రాయకుండా.

ఆరో రోజు ఎండ కాసింది. కిందటి రోజు ఆగిపోయిన వాలుకే తీసుకువెళ్లారు. బూట్లలో నోట్లు పెట్టారు. "ఏమైనా చెప్పండి ఉస్తాద్" అన్నాను. "చెప్పాల్సింది అయిపోయింది" అని తాను ముందు దిగిపోయి, కింద చెట్టు పక్కన నిలబడ్డారు.

కుడికి తిరిగాను. ఎడమకు తిరగాల్సిన చోట కుడి కాలి కింద అక్రోటు కాయను తలుచుకున్నాను. ముందు ఏమీ కాలేదు. ఆ ఏమీ కాని క్షణం చాలా పొడుగు. అప్పుడు స్కీ కింద కరకరమని సన్నటి చప్పుడు వచ్చింది, అప్పడం విరిచినట్టు. కొసలు నెమ్మదిగా ఎడమకు తిరిగాయి. అంచు మంచును పట్టినప్పుడు వచ్చే చప్పుడట అది. ఆరు రోజుల్లో నా కుడి కాలి కింద మొదటిసారి విన్నాను. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. పదకొండు మలుపులు. ఇంకో పది మీటర్లుంటే అయిపోతుందనగా, నోట్లు ఉన్నాయా లేదా అని తల వంచి చూశాను. తల ఎటు పోతే ఒళ్లు అటు పోతుందని ఆయన ఎన్నిసార్లు చెప్పారో! బోర్లా పడ్డాను. నోటినిండా మంచు.

ఉస్తాద్ వచ్చి, నన్ను లేపకుండా ముందు బూట్ల వైపు వంగి చూశారు. రెండు నోట్లూ ఉన్నాయి. "మీవే" అన్నారు. అప్పటిదాకా ఆయన గెలుచుకున్న నూట ఇరవై రూపాయలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు, న్యాయంగా సంపాదించినవి.

మరుసటి రోజు దిగేటప్పుడు టంగ్‌మార్గ్‌లో టీకి ఆగాం. పర్సులోంచి ఆ రెండు నోట్లు తీసి ఇచ్చాను. బూటు లోపలి చెమ్మకూ ఒరిపిడికీ ఒకటి మడత దగ్గర రెండుగా చీలిపోయింది, రెండోదాని మీద అంకె చెరిగిపోయింది. దుకాణం అతను వెలుతురుకు పట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. చెల్లవన్నాడు.